కొండ అడవిలో గుడారం: వన గుజ్జర్ల వద్ద నేర్చుకోదగినవి

వేసవి సెలవులు సమీపించగానే మన కుటుంబాలలో ఇప్పుడు ఒక కొత్త ముచ్చట వినబడుతున్నది. ఒకప్పుడు సెలవులంటే అమ్మమ్మగారి ఊరు, మామిడితోట, మహా అయితే హైదరాబాదు చూసి రావడం. నేడు కళాశాల చదివే పిల్లలు హిమాలయాల పేర్లు చెబుతున్నారు. మంచుకొండల దిగువన, దేవదారు అడవిలో, నది పక్కన గుడారం వేసుకొని రెండు రాత్రులు గడిపి వస్తామంటున్నారు. తల్లిదండ్రులు కొందరు భయపడి వద్దంటున్నారు. కొందరు పిల్లవాడు బతిమాలగా డబ్బు చేతిలో పెట్టి పంపుతున్నారు. వద్దనేవారికీ పంపేవారికీ అక్కడి నది ఎలా ఉంటుందో, అక్కడి రాత్రి ఎలా ఉంటుందో తెలియదు. ఆ సంగతులు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగువారికి ఈ విషయం పరాయిది కాదు. 2014 జూన్ 8 సాయంకాలం హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ జిల్లాలో, బియాస్ నది మధ్యనున్న బండరాళ్ళపై నిలబడి ఫోటోలు తీసుకుంటున్న హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులను, ఎగువనున్న లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీరు ముంచెత్తింది. 24 మంది విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. ఆ పిల్లలు ఈత పందెం వేసుకోలేదు, దుస్సాహసానికి పూనుకోలేదు. ఎండిన రాళ్ళ మీద నిలబడ్డారు, అంతే. మన గోదావరి, కృష్ణలలో వరద గంటల తరబడి పెరుగుతూ వస్తుంది. ఊరి పెద్దలు దానిని చూసి హెచ్చరించే వ్యవధి ఉంటుంది. కొండనది నిమిషాలలో పెరుగుతుంది. ఈ ఒక్క తేడా తెలియకపోవడం ఎంత ప్రమాదమో ఆ సాయంకాలం చెప్పింది.

రెండు నదుల లోయ

కొన్నేళ్ళ క్రితం మే చివరి వారంలో మేము, మా మదరసాకు చెందిన ముగ్గురు ఉపాధ్యాయులం, పై తరగతుల విద్యార్థులు పదకొండు మందిని వెంటబెట్టుకొని ఉత్తరాఖండ్‌లోని టోన్స్ లోయకు వెళ్ళాము. డెహ్రాడూన్ నుంచి ముస్సోరీ, పురోలా, మోరీ, నైట్వాడ్‌ల మీదుగా సాంక్రీ అనే గ్రామం చేరడానికి సుమారు 200 కిలోమీటర్లు. దూరం తక్కువే అనిపించినా కొండదారి కనుక ఒక పగలంతా పడుతుంది.

నైట్వాడ్ వద్ద రూపిన్, సుపిన్ అనే రెండు నదులు కలుస్తాయి. అక్కడినుంచి ఆ ప్రవాహం పేరు టోన్స్. అది కిందికి పారి, డెహ్రాడూన్ జిల్లాలో యమునలో కలుస్తుంది. టోన్స్ యమునకు ఉపనదే అయినా, రెండూ కలిసేచోట యమున కంటే టోన్స్‌లోనే ఎక్కువ నీరు ఉంటుంది. ఢిల్లీలో తాజ్‌మహల్ కట్టించిన చక్రవర్తి కోట పక్కగా, ఆగ్రాలో ఆ తాజ్‌మహల్ వెనుకగా ప్రవహించే యమునలో ఈ లోయలో కరిగిన మంచు నీరు కూడా కలుస్తుందన్న మాట విని మా విద్యార్థులు ఆశ్చర్యపోయారు.

ఈ ప్రాంతాన్ని 1955లో వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. గోవింద్ పశువిహార్ అని పేరు. ప్రవేశించడానికి అటవీ శాఖ అనుమతి పొందాలి. సాంక్రీ సుమారు 1,900 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడినుంచి తాలుకా, ఓస్లా గ్రామాల మీదుగా పైకి నడిచేవారు 3,566 మీటర్ల ఎత్తులోని హర్ కీ దూన్ లోయ చూడాలని వెళతారు. ఎత్తు పెరిగేకొద్దీ అడవి మారుతుంది. కింద చీడ్ అనే సరళ వృక్షాలు, వాటి పైన నాచు పట్టిన బాంజ్ వృక్షాలు, దేవదారు, ఇంకా పైన ఖర్సూ, చిట్టచివర తెల్లని బెరడుగల భూర్జ వృక్షాలు. ఆ పైన చెట్టు మొలవదు. పచ్చిక మాత్రమే ఉంటుంది. ఆ పచ్చిక బయళ్ళను అక్కడివారు బుగ్యాల్ అంటారు.

బాంజ్ అడవి ఉన్నచోట ఊటలు ఎండవని కొండవాసుల నమ్మకం. ఆ చెట్ల కింద రాలిన ఆకుల పొర తడిని పట్టి ఉంచుతుంది. చీడ్ అడవిలో రాలే సూదుల వంటి ఆకులు ఎండాకాలంలో నిప్పు అంటుకుంటే గడ్డివామి వలె మండుతాయి. మే, జూన్ నెలల్లో ఉత్తరాఖండ్ అడవులలో మంటలు వ్యాపించడానికి ఈ ఆకులు ఒక ప్రధాన కారణం. గుడారం వేసుకునేవారు ఒక్క నిప్పురవ్వ విషయంలో కూడా ఎందుకు జాగ్రత్తగా ఉండాలో దీనినిబట్టి గ్రహించవచ్చును.

గుడారమే ఇల్లయినవారు

మనం సెలవులకు రెండు రాత్రులు చేసే పనిని తరతరాలుగా జీవితమంతా చేస్తున్నవారు ఆ దారిలో కలుస్తారు. వారు వన గుజ్జర్లు. ముస్లిములు. గోజ్రీ భాష మాట్లాడతారు. గేదెల పాలే వారి జీవనాధారం. చలికాలమంతా శివాలిక్ కొండల అడవులలో ఉండి, ఎండలు ముదిరి ఆకు, నీరు తగ్గగానే గేదెలను తోలుకొని కాలినడకన పై బుగ్యాల్‌లకు బయలుదేరుతారు. వానలు వెనకపట్టి చలి మొదలవగానే, సెప్టెంబరు, అక్టోబరులలో, తిరిగి దిగువకు వస్తారు. మోటారు వాహనాల రద్దీ, ఎండ తప్పించుకోవడానికి ఎక్కువగా రాత్రివేళ, తెల్లవారుజామున నడుస్తారు. వృద్ధులు, గర్భిణులు, పాలు తాగే బిడ్డలు అందరూ ఆ నడకలో ఉంటారు. గేదెలను ఇంటి మనుషులవలె పేరు పెట్టి పిలుస్తారు.

వీరి బతుకు సుఖమైనదని అనుకోరాదు. 1983లో రాజాజీ జాతీయ ఉద్యానం ఏర్పాటు కోసం ప్రకటన వెలువడిన తరువాత చలికాలపు అడవులలో వారి నివాసం వివాదమైంది. అనేక కుటుంబాలను హరిద్వార్ సమీపంలోని పథ్రీ, గైండీఖాతాలకు తరలించారు. 2006లో పార్లమెంటు ఆమోదించిన అటవీ హక్కుల చట్టం తరాలుగా అడవిలో జీవిస్తున్నవారి హక్కులను గుర్తించినా, ఆ హక్కు చేతికందడానికి వీరు ఇంకా తిరుగుతూనే ఉన్నారు. 2021 వేసవిలో గోవింద్ పశువిహార్‌లోకి రానివ్వకపోవడంతో కొన్ని కుటుంబాలు పశువులతో సహా దారిలోనే ఆగిపోగా, ఉత్తరాఖండ్ హైకోర్టు వారి విషయంలో జోక్యం చేసుకోవలసి వచ్చింది. మనకు వినోదమైన అదే అడవి వారికి అన్నం.

మేము తాలుకా దాటిన తరువాత అటువంటి ఒక కుటుంబం మజిలీ చేసిన చోట ఆగాము. పెద్దాయనకు డెబ్బయి ఏళ్ళుంటాయి. సలాం చెప్పగానే కూర్చోబెట్టి పాలు కాచి ఇచ్చారు. డబ్బు ఇవ్వబోతే చేయి వెనక్కి తీసుకున్నారు. ఈ రాత్రి ఎక్కడ దిగుతారని అడిగారు. మా విద్యార్థులు కిందికి చూపించారు. నది వంపు తిరిగేచోట తెల్లని ఇసుక, గులకరాళ్ళు పరచుకొని, గుడారాలకోసమే చదును చేసినట్లు ఒక మైదానం ఉన్నది. పెద్దాయన తల అడ్డంగా ఊపారు.

"మౌల్వీ సాబ్, ఆ రాళ్ళు గుండ్రంగా ఉన్నాయి చూశారా? వాటిని అక్కడికి ఎవరు తెచ్చారు?" అన్నారు.

పిల్లలు జవాబు చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేదు.

ఆయన మాకు నదికి వందడుగులకు పైగా ఎత్తున, దేవదారు చెట్ల నడుమ ఒక చదును చూపించారు. వెనుక కొండ నుంచి రాళ్ళు దొర్లిన జాడ ఉన్నదా, పైన ఎండిన కొమ్మ వేలాడుతున్నదా అని చూసి మరీ చూపించారు. "నీళ్ళ చప్పుడు వినబడాలి గాని, ఆ చప్పుడు మన మాటను మింగేయకూడదు. నది పక్కనే పడుకుంటే పక్కవాడు కేకేసినా వినబడదు, పైనుంచి రాయి దొర్లినా వినబడదు" అన్నారు. ఆ రాత్రి పైన ఎక్కడో వాన కురిసింది. మా గుడారాల మీద పడినవి నాలుగు చినుకులే. తెల్లవారి ఫజ్ర్ నమాజు తరువాత కిందికి చూస్తే ఆ తెల్లని ఇసుక మైదానంలో సగం మీద నీరు పారుతున్నది.

కొండనది స్వభావం

ఆయన అనుభవంతో చెప్పిన మాటలకు కారణాలు ఉన్నాయి. మంచు కరిగి పారే నది పగటి ఎండను బట్టి పెరుగుతుంది. ఉదయం తక్కువగా, మధ్యాహ్నం దాటిన తరువాత, సాయంకాలం ఎక్కువగా ఉంటుంది. ఉదయం మోకాలి లోతున దాటిన వాగును సాయంకాలం అదే చోట దాటలేకపోవచ్చును. దాటక తప్పని వాగును తెల్లవారుజామున దాటాలి. వేగంగా పారే నీరు మోకాలి లోతున ఉన్నా పెద్ద మనిషిని పడవేయగలదు. పైగా అది మంచునీరు. అందులో పడినవానికి ఊపిరి ఒక్కసారిగా బిగుసుకుంటుంది, కొద్ది నిమిషాలలో చేతులు పట్టు కోల్పోతాయి. మన చెరువులో గజ ఈతగాడైనా అక్కడ ఆ విద్య అక్కరకు రాదు.

రెండవది, కుంభవృష్టి. ఇరవై, ముప్పయి చదరపు కిలోమీటర్ల మేర, ఒక గంటలో 100 మిల్లీమీటర్లకు మించి వాన కురిస్తే దానిని వాతావరణ శాఖవారు మేఘ విస్ఫోటం అంటారు. ఆ నీరంతా ఇరుకైన లోయలోకి ఒకేసారి దిగుతుంది. మన తలపై ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే పై లోయలో అది జరగవచ్చును. 2022 జూలై 8 సాయంకాలం అమర్‌నాథ్ గుహ సమీపంలో హఠాత్తుగా వచ్చిన వరద యాత్రికుల గుడారాలను, వంటశాలలను కొట్టుకుపోయింది. పదిహేను మందికి తక్కువ కాకుండా మరణించారు. 2025 ఆగస్టు 5న, టోన్స్ ఎగువ లోయ ఉన్న ఉత్తరకాశీ జిల్లాలోనే, ధరాలీ అనే ఊరిని వాగు వరద, బురద కప్పివేశాయి. ఆ ఊరు వెలసినది వాగు పూర్వం తెచ్చి పరచిన మట్టి, రాళ్ళ మీదే. గుండ్రని రాళ్ళను చూపి ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న ఒక్క గుడారానికే కాదు, ఊళ్ళకూ వర్తిస్తుంది.

నీరు ఉన్నట్టుండి బురద రంగుకు మారినా, ఆకులూ కొమ్మలూ కొట్టుకువస్తున్నా, అడుగున రాళ్ళు దొర్లుతున్న గంభీరమైన చప్పుడు వినబడినా వెంటనే పైకి వెళ్ళాలి. అన్నిటికంటే మోసకరమైన గుర్తు మరొకటి ఉన్నది. ప్రవాహం హఠాత్తుగా తగ్గిపోతే పైన కొండచరియ విరిగి నదికి అడ్డుపడి ఉండవచ్చు. ఆ అడ్డు తెగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. నీరు తగ్గింది కదా అని సంబరపడి నదిలోకి దిగేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇటువంటప్పుడు నది వెంబడి కిందికి పరుగెత్తరాదు; పక్కనున్న ఎత్తు ఎక్కాలి. సామాను కోసం వెనుదిరగరాదు.

ఆనకట్టలు ఉన్న నదిలో వాన, మంచు ఏమీ లేకపోయినా నీరు పెరుగుతుంది. అటువంటి నదుల ఒడ్డున హెచ్చరిక బోర్డులు, సైరన్లు ఉంటాయి. లేకపోయినా ఆనకట్ట ఎగువన ఉన్నదేమో స్థానికులను అడిగి తెలుసుకోవాలి.

ప్రయాణికునికి మన ధర్మం చెప్పినవి

ఈ సందర్భంలో మేము తరగతి గదిలో ఏళ్ళ తరబడి బోధించిన కొన్ని హదీసులు కొండ మీద కొత్తగా అర్థమైనాయని చెప్పాలి. రాత్రివేళ మజిలీ చేసేవారు దారి మీద దిగవద్దని, అది రాత్రి జంతువులు సంచరించే మార్గమని, విషపురుగులకు ఆశ్రయమని దైవప్రవక్త (స) హెచ్చరించారు. హిమాలయాల నల్ల ఎలుగుబంటి కూడా మనిషి నడిచే కాలిబాట మీదనే నడుస్తుంది. కనుక గుడారం బాటకు దూరంగా ఉండాలి. తినుబండారాలు గుడారంలో దాచరాదు.

నిద్రించేముందు నిప్పు ఆర్పివేయమని ఆయన (స) ఆదేశించారు. చలికి తాళలేక గుడారంలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకున్నవారు మళ్ళీ లేవని సంఘటనలు ఆ కొండల్లో ఏటేటా వినబడతాయి. మూసిన గుడారంలో కాలే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాడు మేల్కొనడు. గ్యాస్ పొయ్యి కూడా గుడారం వెలుపలే వెలిగించాలి. చలికి మందు నిప్పు కాదు. పొడి బట్టలు, నేలకు శరీరానికి మధ్య మందమైన పరుపు, టోపీ, వేడి భోజనం. మనం పైకి వెళ్ళే ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. నలభై డిగ్రీల ఎండలో బయలుదేరిన మన పిల్లవాడు ఈ లెక్క తెలియక ఒక్క చొక్కాతో వెళతాడు.

నీటి వద్ద, నలుగురు నడిచే దారిలో, జనం సేదదీరే నీడలో మలవిసర్జన చేయడాన్ని ఆయన (స) శాపహేతువుగా పేర్కొన్నారు. నేడు కొండ అడవులకు పట్టిన అతి పెద్ద రోగం ఇదే. నీటి నుంచి రెండు వందల అడుగులైనా దూరం, వీలైతే ఇంకా ఎక్కువ దూరం వెళ్ళి, జానెడు లోతు గుంట తీసి, తరువాత మట్టితో పూడ్చాలి. సబ్బుతో నదిలో స్నానం, గిన్నెలు తోమడం తగదు. మనం పారవేసిన నురుగు కింది ఊరివారి తాగునీరు. ప్లాస్టిక్ కాగితం ఒక్కటి కూడా వదలకుండా మూటగట్టి తిరిగి తేవాలి. ప్రవహించే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీటిని వృథా చేయరాదన్న బోధ మనకు ఉన్నది కదా.

నది ఎంత స్వచ్ఛంగా కనబడినా అలాగే తాగరాదు. పైన వందలాది పశువులు మేస్తుంటాయి. నీటిని మరిగించాలి. 2,000 మీటర్లకు పైన మరగడం మొదలైన తరువాత మూడు నిమిషాలు ఉంచాలి. గాలి ఒత్తిడి తగ్గినందున అక్కడ నీరు తక్కువ వేడికే మరుగుతుంది. 3,500 మీటర్ల వద్ద 88 డిగ్రీలకే పొంగుతుంది. అందుకే అక్కడ అన్నం ఎంతసేపటికీ ఉడకదు. ప్రెషర్ కుక్కర్ లేనిదే పప్పు సంగతి మాట్లాడనక్కరలేదు.

నమాజు విషయంలోనూ కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. హైదరాబాదులో ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటే, ఉత్తరకాశీ కొండల్లో పడమరకు కాస్త దక్షిణంగా ఉంటుంది. ఇరుకు లోయలో సూర్యుడు అసలు అస్తమయానికి చాలా ముందే కొండ చాటుకు పోతాడు. దానిని చూసి మగ్రిబ్ వేళ అయిందనుకోరాదు. వేళల పట్టిక వెంట ఉంచుకోవాలి. ప్రయాణికునికి నాలుగు రకాతుల నమాజులు రెండు అవుతాయి. మేజోళ్ళపై మసహ్ చేసే సౌలభ్యం మూడు పగళ్ళు, మూడు రాత్రులు ఉన్నది. మంచునీరు ప్రాణహాని కలిగిస్తుందన్న భయం నిజంగా ఉండి, నీరు వేడి చేసుకునే మార్గం లేకపోతే తయమ్ముమ్ ఉన్నది. జాతుస్సలాసిల్ దండయాత్రలో ఒక చలి రాత్రి హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) ప్రాణభయంతో తయమ్ముమ్ చేసి నమాజు చేయించారు. ఆ సంగతి విని దైవప్రవక్త (స) చిరునవ్వు నవ్వారు, మందలించలేదు. ధర్మం ప్రాణాన్ని కాపాడమంటుంది. దీనిని మరచి ఉత్సాహం కొద్దీ వేకువన మంచునదిలో గుసుల్ చేయబోయే యువకులను ఆపవలసి ఉంటుంది.

ఎత్తు అనే పరీక్ష

ముగ్గురు ప్రయాణిస్తున్నా ఒకరిని అమీర్‌గా ఎన్నుకోమన్నది మరొక బోధ. మేము మాలో అందరికంటే చిన్నవారైన ఉపాధ్యాయుని అమీర్‌గా ఎన్నుకున్నాము. ఆయన అంతకుముందు నాలుగుసార్లు కొండలు ఎక్కినవారు. ఈ ఎన్నిక ఎంత అవసరమో నాలుగవ రోజున తెలిసింది.

ఓస్లా దాటి, సుమారు 3,000 మీటర్ల ఎత్తున అటవీ శాఖ అనుమతించిన చోట దిగాము. ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 ఆగస్టులో బుగ్యాల్‌లలో రాత్రి బసను నిషేధించింది. సందర్శకుల సంఖ్య రోజుకు 200 మించరాదన్నది. వందలాది గుడారాల కింద నలిగి ఆ పచ్చిక చచ్చిపోతుండడమే కారణం. కనుక పైకి పగలు వెళ్ళి చూసి, తిరిగి అడవి అంచుకు దిగి పడుకోవాలి. మరునాడు ఉదయం హర్ కీ దూన్ చేరి, సాయంకాలానికి తిరిగి రావాలన్నది మా ఏర్పాటు.

ఆ రాత్రి ఒక విద్యార్థికి తలనొప్పి మొదలైంది. అన్నం వద్దన్నాడు. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. పద్దెనిమిదేళ్ళ బలమైన కుర్రవాడు. దారి పొడుగునా అందరికంటే ముందు నడిచినవాడు. ఎత్తు చేసే జబ్బు బలాన్ని చూసి రాదు. 3,500 మీటర్ల వద్ద గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. శరీరం అందుకు అలవాటు పడడానికి సమయం పడుతుంది. 3,000 మీటర్లు దాటిన తరువాత, పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదని, మూడు నాలుగు రోజులకు ఒక రోజు విశ్రాంతి తీసుకోవాలని వైద్యుల నియమం. తలనొప్పి, వాంతి, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం మొదటి గుర్తులు. అవి తగ్గేవరకు ఒక్క అడుగు పైకి వేయరాదు. అడుగు తడబడుతున్నా, మాట తికమకపడుతున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా అది ప్రాణాపాయం. అర్ధరాత్రి అయినా కిందికి దింపాలి.

తెల్లవారేసరికి అతనికి తలనొప్పి తగ్గలేదు. లోయ కనుచూపు మేరలో ఉన్నది. అతనిని ఒక ఉపాధ్యాయునితో గుడారంలో ఉంచి మిగిలినవారు వెళ్ళివద్దామని కొందరు విద్యార్థులు అన్నారు. అందులో అన్యాయమేమీ లేదు. వారు రెండేళ్ళుగా పైసా పైసా కూడబెట్టి వచ్చినవారు. అమీర్ సాబ్ కొంతసేపు ఆలోచించారు. అతని పరిస్థితి మధ్యాహ్నానికి విషమిస్తే మోసుకొని దిగడానికి కనీసం నలుగురు కావాలి. ఆ నలుగురు ఇక్కడే ఉంటే, పైకి వెళ్ళిన మిగతా పిల్లలలో ఎవరికైనా అదే జరిగితే చూసేవారుండరు. "అందరం దిగుతున్నాము" అన్నారు.

ఎవరూ ఎదురుచెప్పలేదు. కాని ఎవరూ మాట్లాడనూ లేదు. ఆ కుర్రవాడు గుడారం వెనుక కూర్చొని, "నా మూలంగా మీ అందరికీ..." అంటూ ఏడ్చాడు. అంతకుముందు వెళదామని గట్టిగా వాదించిన విద్యార్థే అతని సంచి తన సంచిపై కట్టుకొని, "నడవరా భాయ్, అది ఎక్కడికీ పోదు" అన్నాడు. ఓస్లా దగ్గరకు వచ్చేసరికి కుర్రవాడు ఆకలవుతున్నదన్నాడు. దిగడమే ఆ జబ్బుకు మొదటి మందు.

మేము హర్ కీ దూన్ చూడలేదు. ఆ పదకొండు మంది తల్లిదండ్రులు తమ పిల్లలను రైల్వే స్టేషన్‌లో చూసుకున్నారు.

పంపేముందు అడగవలసినవి

తల్లిదండ్రులకు మా విన్నపం ఇది. పిల్లలను కొండలకు పంపవద్దని మేము అనము. కొండలను, వాటి నుంచి పారే నదులను చూసి యోచించమని దివ్య ఖుర్ఆన్ పదేపదే పిలుస్తున్నది. దేవదారు అడవిలో ఒక రాత్రి గడిపిన పిల్లవాడు నీటి విలువ, నిప్పు విలువ, తోటివాని విలువ తెలుసుకొని వస్తాడు. అయితే డబ్బు ఇచ్చేముందు కొన్ని ప్రశ్నలు అడగండి.

ఏ నెలలో వెళుతున్నారు? జూన్ చివరి నుంచి సెప్టెంబరు వరకు ఆ కొండల్లో వానకాలం. చరియలు విరిగేది, వాగులు పొంగేది అప్పుడే. మే నుంచి జూన్ మధ్య వరకు గాని, సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరులో గాని వెళ్ళడం మేలు. గుడారం ఎక్కడ వేస్తారు? నది ఒడ్డున అని గొప్పగా చెప్పే సంస్థతో పంపవద్దు. మొదటి రాత్రి ఎంత ఎత్తున, రెండవ రాత్రి ఎంత ఎత్తున పడుకుంటారు? జవాబు చెప్పలేనివారికి పిల్లవానిని అప్పగించవద్దు. స్థానికుడైన మార్గదర్శి ఉన్నాడా? అటవీ శాఖ అనుమతి పత్రం ఉన్నదా? బృందంలో ఎవరి మాట చివరి మాట? ఒకరికి జబ్బు చేస్తే అందరూ దిగుతారా?

ఈ చివరి ప్రశ్నను మీ పిల్లవానినే అడగండి. స్నేహితుని కోసం తాను దిగివస్తానని అతడు మనస్ఫూర్తిగా చెప్పగలిగితే, వెచ్చని బట్టలు సర్ది, దుఆ చేసి పంపండి. ప్రయాణంలో ఉన్న ప్రతి బిడ్డనూ, ఈ వేళ ఏదో కొండదారిలో గేదెలను తోలుకొని నడుస్తున్న ఆ కుటుంబాలనూ అల్లాహ్ తన రక్షణలో ఉంచుగాక. ఆమీన్.